మెయిల్ పంపినవారి చిరునామా నకిలీదని గుర్తించడం, అరికట్టడం ఎలా?

మెయిల్‌ను మోసుకెళ్లే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి 1982 నాటిది. ఉత్తరం కవరు మీద ఫ్రమ్ అడ్రసు ఎవరిది రాసినా తపాలా పెట్టె కాదననట్టే, ఇందులోనూ పంపేవారు ఎవరి చిరునామా అయినా పెట్టుకోవచ్చు.

అనుమానం వస్తే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. ఫోన్ యాప్‌లో ఈ సదుపాయం లేదు కాబట్టి, డబ్బు ప్రస్తావన ఉన్న మెయిల్‌ను ఫోన్‌లో చూసి నిర్ణయం తీసుకోకూడదు.

అక్కడ ఎస్‌పీఎఫ్ (పంపిన సర్వర్‌కు అనుమతి ఉందా అనే పరీక్ష), డీకిమ్ (మెయిల్ మీది డిజిటల్ సంతకం పరీక్ష), డీమార్క్ అనే వరుసలు కనిపిస్తాయి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎస్‌పీఎఫ్ పరీక్షించేది మీకు కనబడే ఫ్రమ్ చిరునామాను కాదు, ‘రిటర్న్ పాత్’ అనే తిరుగు చిరునామాను. మోసగాడు అక్కడ తన సొంత డొమైన్ (చిరునామాలో @ తర్వాతి భాగం) ఉంచి, ఫ్రమ్‌లో మీ యజమాని చిరునామా పెట్టినా ఎస్‌పీఎఫ్ ‘పాస్’ అవుతుంది. నేను మెయిల్ ఏర్పాట్లు సరిచేయడానికి వెళ్లిన ఒక కార్యాలయంలో, సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందన్న మెయిల్‌ను అకౌంట్స్ ఉద్యోగి ఆ ఒక్క ‘పాస్’ చూసి నమ్మారు. రెండు వరుసల కింద డీమార్క్ ‘ఫెయిల్’ అని స్పష్టంగానే ఉంది.

కనుక చూడవలసింది డీమార్క్ వరుసనే. ఫ్రమ్‌లోని డొమైన్‌కూ, ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ధ్రువీకరించిన డొమైన్‌కూ పొత్తు కుదిరిందో లేదో చెప్పేది అదే. ఆ వరుసే లేకపోతే పాస్ అయినట్టు లెక్కించకండి. పాస్ అయినా డొమైన్‌ను అక్షరం అక్షరం చదవండి: ఇంగ్లీషు ‘ఎమ్’ స్థానంలో ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన పెట్టి కొన్న డొమైన్ మూడు పరీక్షలూ నెగ్గుతుంది. అటువంటప్పుడు మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాక, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి.

మీకు సొంత డొమైన్ ఉంటే దాని వివరాలు నమోదయ్యే డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టి, డీమార్క్‌ను ‘నన్’ (ఏ చర్యా వద్దు) అనే విధానంతో మొదలుపెట్టండి. పెద్ద సంఖ్యలో (జీమెయిల్ లెక్కలో రోజుకు సుమారు 5,000) మెయిళ్లు పంపేవారికి జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి డీమార్క్ తప్పనిసరి చేయడంతో చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోయారు. రికార్డులో చిరునామా ఇస్తే ‘నన్’ నివేదికలు తెప్పిస్తుందే తప్ప నకిలీని ఆపమని చెప్పదు. పై కార్యాలయం డొమైన్‌కు ఉన్నదీ అదే. జీతాల స్లిప్పులు, ఇన్‌వాయిస్‌లు మీ పేరిట పంపే సేవలన్నీ ఆ నివేదికల్లో బయటపడతాయి. వాటన్నింటికీ డీకిమ్ కుదిర్చాక నకిలీని స్పామ్‌లోకి నెట్టమనే ‘క్వారంటైన్’కు, నెల రోజులు గమనించి అసలు తీసుకోవద్దనే ‘రిజెక్ట్’కు మారండి.

డబ్బు ఇప్పటికే వెళ్లిపోతే ముందు సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ మెయిల్‌ను మాత్రం చెరపకండి, ఫిర్యాదుకు దాని ఒరిజినల్ కావాలి.