పెట్‌ని ఫ్లైట్‌లో వేరే దేశం తీసుకెళ్లాలా? టికెట్ సంగతి తర్వాత, ముందు తేదీలు లెక్కేసుకోండి

వేరే దేశం షిఫ్ట్ అవుతున్నాం, కుక్కనో పిల్లినో కూడా తీసుకెళ్దాం అనుకోగానే చాలామంది ముందు చేసే పని ఎయిర్‌లైన్స్ సైట్లు తెరిచి రేట్లు చూడ్డం. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. మీరు వెళ్లే దేశం మీ పెట్‌ని ఏ రోజు నుంచి లోపలికి రానిస్తుందో తేలితే గానీ టికెట్ తేదీ తేలదు, ఆ రోజు మీ వీసాని బట్టో కొత్త ఉద్యోగం జాయినింగ్ డేట్‌ని బట్టో రాదు, టీకా ఎప్పుడు వేయించారు, రక్తం ఎప్పుడు తీయించారు అన్నదాన్ని బట్టి వస్తుంది. కొన్ని దేశాలకి నెలా రెండు నెలల్లో అయిపోతుంది, కొన్నిటికి ఏడెనిమిది నెలలు పడుతుంది, ఎక్కువ డబ్బులిస్తాం త్వరగా కానివ్వండి అంటే నడిచే వ్యవహారం కాదిది.

అందుకని ముందు వెళ్లే దేశం ప్రభుత్వ సైట్‌లో పెట్స్ దిగుమతి పేజీ చదవండి, తెలిసినవాళ్లు చెప్పింది కాదు. ఎందుకంటే అదే దేశానికి వెళ్లే ఇద్దరికి కూడా రూల్స్ వేరేగా ఉంటాయి, మీరు బయల్దేరే దేశంలో రేబిస్ ఎంత ఉంది అన్నదాన్ని బట్టి వాళ్లు దేశాల్ని గ్రూపులుగా విడగొట్టి పెట్టుకుంటారు. మీ దేశం ఏ గ్రూపులో ఉందో చూసుకున్నాకే మిగతాది చదవండి. జాతి కూడా అక్కడే చూసుకోవాలి, పిట్ బుల్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో లాంటివాటిని బ్రిటన్, ఆస్ట్రేలియా అసలు రానివ్వవు.

మొదటి మెట్టు మైక్రోచిప్, అంటే చర్మం కింద సూదితో పెట్టే చిన్న నంబరు చిప్. ఐఎస్‌ఓ 11784, 11785 స్టాండర్డ్ చిప్, 15 అంకెల నంబరు ఉండేది వేయించండి. ఇక్కడ వరుస చాలా ముఖ్యం, చిప్ ముందు, రేబిస్ టీకా తర్వాత. ఒకే రోజు వేయించినా పర్లేదు కానీ చిప్ ముందు పడాలి. ఆ టీకా ఈ కుక్కకే వేశారు అనడానికి వాళ్ల దగ్గరున్న ఒకే ఒక్క రుజువు ఆ నంబరు కాబట్టి, చిప్ కంటే ముందు వేసిన టీకాని చాలా దేశాలు లెక్కలోకే తీసుకోవు, మళ్లీ వేయించి మళ్లీ మొదటి నుంచి రోజులు లెక్కపెట్టుకోవాలి.

చిప్ వేయించాక కూడా వెట్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, టీకాకైనా రక్తానికైనా, ముందు స్కాన్ చేయమని అడగండి. స్కానర్ తెర మీద వచ్చిన నంబర్ని ఫోటో తీసుకుని, వాళ్లు కార్డులో రాసినదాన్ని పక్కన పెట్టి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చూడండి, మొహమాటపడొద్దు. 15 అంకెలు చేత్తో రాసేటప్పుడు పక్కపక్క అంకెలు తారుమారు అవడం చాలా మామూలు, వెట్ బల్ల దగ్గర అది రెండు నిమిషాల్లో దిద్దే పని, అవతలి ఎయిర్‌పోర్టులో అదే పెట్‌ని ఆపేసే పని. పాత చిప్ ఉండి అది 9 లేదా 10 అంకెలదైతే అక్కడి స్కానర్ చదవలేకపోవచ్చు, కొత్తది ఒకటి వేయించి రెండు నంబర్లూ కాగితాల్లో రాయించండి.

తర్వాత రేబిస్. యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం పిల్లకి కనీసం 12 వారాలు నిండాకే టీకా, మొదటి టీకా అయితే ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. బూస్టర్ గడువు ఒక్క రోజు దాటినా కొత్తగా వేసే దాన్ని మళ్లీ మొదటి టీకా కిందే చూస్తారు, కాబట్టి పెద్ద కుక్కే కదా ఏటా వేయిస్తున్నాం అనుకునేవాళ్లు పాత కార్డు తీసి తేదీల మధ్య ఖాళీ ఉందేమో చూసుకోండి.

రేబిస్ ఎక్కువున్న దేశం నుంచి వెళ్తుంటే టైటర్ టెస్ట్ అని ఇంకోటి ఉంటుంది, అసలు ఆలస్యమంతా దీంతోనే. టీకా పనిచేసిందా లేదా అని రక్తంలో యాంటీబాడీలు కొలుస్తారు, మిల్లీలీటరుకి కనీసం 0.5 ఇంటర్నేషనల్ యూనిట్లు ఉండాలి, అది కూడా ఆ దేశం ఒప్పుకున్న ల్యాబ్‌లోనే చేయించాలి. యూరప్‌కైతే టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తం తీయాలి, తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి, అంటే ఈ రోజు చిప్ వేయిస్తే తక్కువలో తక్కువ నాలుగు నెలలు. జపాన్‌కైతే 30 రోజుల తేడాతో రెండు టీకాలు, ఆ తర్వాత రక్తం, తీసిన రోజు నుంచి 180 రోజులు, పైగా దిగడానికి కనీసం 40 రోజుల ముందు వాళ్లకి తెలియజేయాలి. ఆస్ట్రేలియా కూడా 180 రోజులే కానీ వాళ్లు లెక్క మొదలుపెట్టేది శాంపిల్ ల్యాబ్‌కి చేరిన రోజు నుంచి, అక్కడ దిగాక మళ్లీ మెల్‌బోర్న్ దగ్గర మిక్కల్‌హామ్ క్వారంటైన్‌లో కనీసం 10 రోజులో 30 రోజులో ఉంచుతారు, చాలా దేశాల నుంచి అయితే నేరుగా తీసుకోరు కూడా. ఈ 180 రోజులు ఎందుకంటే రేబిస్ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడకుండా నెలల తరబడి ఉండగలదు, టీకాకి ముందే సోకి ఉంటే ఈలోపు బయటపడాలని. అమెరికా 2024 ఆగస్టు నుంచి కుక్కల రూల్స్ మార్చింది, 6 నెలలు నిండాలి, చిప్ ఉండాలి, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఫారం నింపాలి, రేబిస్ ఎక్కువున్న దేశాల నుంచి వచ్చేవాటికి ఇంకా కాగితాలు కావాలి. 

ఒక్క మాట, టైటర్‌లో పాసయ్యాక బూస్టర్లు గడువు లోపల వేయిస్తూ ఉంటే యూరప్ రూల్స్‌లో ఆ టెస్ట్ మళ్లీ చేయించక్కర్లేదు. కాబట్టి వెళ్తామో లేదో ఇంకా తెలీదు అన్నా చిప్పూ టీకా టైటరూ ముందే కానిచ్చేయడం నా ఉద్దేశంలో మంచిది, పోయేదేం లేదు.

ఆఖరి పది రోజుల్లో పని హడావిడిగా ఉంటుంది. హెల్త్ సర్టిఫికెట్ మామూలు వెట్ ఇస్తే చాలదు, ప్రభుత్వ పశువైద్య అధికారి సంతకం, ముద్ర కావాలి, యూరప్‌కైతే ఆ సంతకం అయిన 10 రోజుల్లోపు అక్కడ అడుగుపెట్టాలి. మధ్యలో శని ఆదివారాలు, సెలవులు ఏమున్నాయో ముందే చూసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. బ్రిటన్ లాంటి దేశాలు కుక్కలకి టేప్‌వార్మ్ (పేగుల్లో ఉండే బద్దెపురుగు) మందు కూడా అడుగుతాయి, దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు వెట్ చేత వేయించి టైముతో సహా రాయించాలి, ఫ్లైట్ ఒక రోజు లేటైతే ఈ లెక్క తప్పుతుంది కాబట్టి ఆ గంటల గడువుకి మధ్యలో పడేలా వేయించుకోండి. మధ్యలో వేరే దేశంలో ఫ్లైట్ మారుతుంటే ఆ దేశం రూల్స్ కూడా చూడాలి.

ఇప్పుడు టికెట్. చిన్న పిల్లి, చిన్న కుక్క అయితే కొన్ని ఎయిర్‌లైన్స్‌లో బ్యాగుతో కలిపి 7, 8 కిలోల లోపు ఉంటే కేబిన్‌లో మీ సీటు కింద పెట్టుకోవచ్చు. లేదంటే లగేజీగా, అదీ కాదంటే కార్గోగా. కొన్ని దేశాలు మీకు ఛాయిస్ ఇవ్వవు, బ్రిటన్‌కి విమానంలో వచ్చే పెట్స్ కార్గోగానే రావాలి. కార్గో అనగానే చలికి గడ్డకట్టుకుపోతుంది, గాలి ఉండదు అని భయపడతారు గానీ జంతువులను పెట్టే భాగంలో గాలి ఒత్తిడి పైన మనుషులు కూర్చునే చోట ఎంతో అంతే, వేడి కూడా సరిచేస్తారు, లోపల ప్రాణం ఉందని పైలట్‌కి రాతపూర్వకంగా చెప్తారు. నా లెక్కలో భయపడాల్సింది గాల్లో ఉన్నప్పుడు కాదు, విమానం పక్కన ఎండలో ట్రాలీ మీద ఆపి ఉంచినప్పుడు. అందుకే నేరుగా వెళ్లే ఫ్లైట్, ఎండాకాలమైతే రాత్రి పూట ఫ్లైట్ చూసుకోండి, ఒకసారి ఎక్కువ డబ్బైనా సరే. పగ్, బుల్‌డాగ్, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఊపిరి సమస్య కాబట్టి చాలా ఎయిర్‌లైన్స్ విమానం కింది భాగంలో తీసుకోవు, అది బుక్ చేసే ముందే అడగండి.

పెట్‌ని పెట్టి పంపే పెట్టెనే క్రేట్ అంటారు, దానికి ఐయాటా (విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం) కొలతలుంటాయి, పెట్‌ని నిలబెట్టి టేపు పట్టండి. ముక్కు చివర నుంచి తోక మొదలు వరకు ఒక కొలత, నేల నుంచి ముందు కాలి మోచేయి వరకు ఒకటి, భుజాల దగ్గర వెడల్పు ఒకటి, నేల నుంచి తల పైకో చెవి కొనకో ఏది ఎత్తైతే దానికి ఒకటి. మొదటి కొలతకి రెండోదాంట్లో సగం కలిపితే క్రేట్ పొడవు, వెడల్పుకి రెండింతలు చేస్తే క్రేట్ వెడల్పు, ఎత్తుకి కింద వేసే పరుపు మందం కలపాలి. ఉదాహరణకి పొడవు 80 సెంటీమీటర్లు, మోచేయి 34, వెడల్పు 26, ఎత్తు 66 ఉన్న కుక్కకి లోపల 97 పొడవు, 52 వెడల్పు, 66 పైన పరుపు మందం ఎత్తు కావాలి. ఇవి లోపలి కొలతలు, షాపులో రాసుండేవి తరచుగా బయటివి. చప్పిడి ముక్కువాటికి ఇంకో 10 శాతం పెద్దది. ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి ఇనప నట్లు బోల్టులు బిగించండి, చక్రాలుంటే తీసేయండి, నాలుగు వైపులా గాలి రంధ్రాలుండాలి, నీళ్ల గిన్నె తలుపుకి లోపలివైపు తగిలించి తలుపు తీయకుండానే బయట నుంచి నింపేలా ఉండాలి.

క్రేట్ మాత్రం ఫ్లైట్‌కి కనీసం రెండు నెలల ముందే కొనండి, కాగితాలన్నీ సరిగ్గా ఉండి జంతువు మాత్రం అందులోకి వెళ్లనని గోల పెట్టడం కంటే తలనొప్పి ఇంకోటి లేదు. మా పిల్లి మొదట్లో క్రేట్ పైన ఎక్కి కూర్చునేది తప్ప లోపలికి తొంగి కూడా చూడలేదు, పై సగం ఊడదీసి కింది తొట్టిలో దాని పాత దుప్పటి ఉతక్కుండా అలాగే వేస్తే తనే వెళ్లి ముడుచుకుని పడుకుంది. అలా అలవాటయ్యాక పై సగం బిగించండి, తర్వాత తలుపు, అన్నం అందులోనే పెట్టి తినేంతసేపు తలుపు మూయండి, మెల్లగా టైం పెంచి రాత్రంతా పడుకునేదాకా తీసుకురండి. తలుపుకున్న గిన్నెలో తాగడం కూడా నేర్పాలి, కొన్నిటికి అది నీళ్ల గిన్నె అనే తట్టదు. ఆ తర్వాత క్రేట్‌తో సహా కారులో తిప్పండి.

మత్తు మందు వద్దు. పడుకుంటే హాయిగా ఉంటుంది కదా అనిపిస్తుంది గానీ మత్తులో బీపీ పడిపోతుంది, ఒంటి వేడి సరిచేసుకోలేదు, క్రేట్ ఊగితే నిలదొక్కుకోలేదు, చూసే వెట్ కూడా పక్కన ఉండడు. మత్తులో ఉందని తెలిస్తే ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవు.

బయల్దేరే రోజు నాలుగైదు గంటల ముందు తేలిగ్గా ఏదైనా పెట్టి ఆపేయండి, నీళ్లు మాత్రం ఆపొద్దు, ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలక్కుండా మెల్లగా కరుగుతాయి. బాగా నడిపించి ఒంటికి రెంటికి కానిచ్చి ఎక్కించండి. కాగితాల కాపీలు క్రేట్ పైన కవర్లో, ఒరిజినల్స్ కార్గో అయితే వాళ్లకిచ్చే సెట్‌లో, ఇంకో సెట్ మీ చేతిలో. క్రేట్‌కి జిప్ టైలు వేస్తారు కాబట్టి అవి కోయడానికి చిన్న కత్తెర చెక్ ఇన్ లగేజీలో పెట్టుకోండి.

దిగాక కస్టమ్స్, వెట్ చెకింగ్ అయ్యేసరికి గంటలు పడతాయి, బయటికి రాగానే ముద్దొచ్చి పార్కింగ్‌లో క్రేట్ తలుపు తీసేయకండి, పిల్లి అయితే మరీ, ఇంట్లో ఒక గది తలుపులు వేసుకున్నాకే తీయాలి. చిప్ రిజిస్ట్రీలో కొత్త ఫోన్ నంబరు ఆ రోజే మార్చేయండి. పాత తిండి కొంచెం వెంట తీసుకెళ్లి కొత్తదాంట్లో కలుపుతూ వారంలో మార్చండి. మొదటి రోజు తినకపోయినా కంగారు పడక్కర్లేదు, కానీ పిల్లి రెండో రోజు కూడా ముట్టుకోకపోతే ఆగొద్దు, పిల్లులు తిండి మానేస్తే లివర్‌లో కొవ్వు చేరి ప్రమాదమవుతుంది, వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.