చెక్క షింగిల్స్ గోడ – నాలుగవ పాఠం: కిటికీ చుట్టూ నీటి దారి

గత పాఠంలో గోడ అడుగున షింగిల్స్ (పెంకుల్లా ఒకదానిపై ఒకటి వచ్చేలా గోడకు కొట్టే పలుచని చెక్క పలకలు) జంట వరుస వేసి, దాని మీద దారం కొట్టి, సాదా గోడపై వరుసలు పేర్చడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ వరుసలు కిటికీని చేరతాయి. మసాచుసెట్స్ తీరంలో, ముఖ్యంగా కేప్ కాడ్ వైపు, దేవదారు చెక్క షింగిల్స్ కప్పిన ఇళ్ళలో నీరు లోపలికి వచ్చేది సాధారణంగా గోడ మధ్యలోంచి కాదు, కిటికీ మూలల దగ్గర నుండి. శీతకాలంలో ఈశాన్యం నుండి వీచే గాలివాన నీటిని కిందికి జారనివ్వకుండా అడ్డంగా గోడకేసి కొడుతుంది కాబట్టి, షింగిల్స్ వెనక్కు కొంత నీరు ఎలాగూ చేరుతుందని ముందే ఒప్పుకొని పని మొదలుపెట్టాలి.

మన పెంకుటిళ్ళను చూసినవారికి ఇందులోని సూత్రం కొత్త కాదు. చూరు నుండి మొదలుపెట్టి, పై పెంకు కింది పెంకు మీదికి వచ్చేలా నేస్తారు. నీరు పల్లమెరుగు కనుక దానికి మరే ఏర్పాటూ అక్కరలేదు. కిటికీ చుట్టూ వేసే ప్రతి పొరకూ, అది టేపైనా, రేకైనా, తారు కాగితమైనా, ఇదే నియమం వర్తిస్తుంది.

మొదట హౌస్‌ర్యాప్‌ను (షింగిల్స్ వెనుక గోడకు చుట్టే, నీటిని ఆపే పలుచని పొర) కిటికీ ఖాళీ దగ్గర కోసి, పైభాగపు మడతను ఎత్తి తాత్కాలికంగా అతికించి ఉంచండి. కింది చట్రం మీద బయటికి వాలుగా ఒక చెక్కపట్టీ వేసి, దానిపై సాగే ఫ్లాషింగ్ టేపును (నీరు చొరకుండా అతికించే పట్టీ) పరచి, రెండు పక్కలా సుమారు 6 అంగుళాలు పైకి ఎక్కించండి. ఇది కిటికీ కింద ఉండే పళ్ళెం. దీని లోపలి అంచున చిన్న గట్టు ఉంటే నీరు గదిలోకి రాదు. ఆ తరువాత కిటికీ అంచు రెక్కల (మేకులు కొట్టడానికి కిటికీ చుట్టూ ఉండే పలుచని అంచులు) వెనుక పైనా, రెండు పక్కలా మాత్రమే సీలెంట్ (సందులు మూసే జిగురు) పెట్టి, కిటికీని నిలబెట్టి, మట్టం చూసి మేకులు కొట్టండి. పక్కల టేపు ముందు, పై టేపు తరువాత.

కింది రెక్కకు సీలెంట్ గాని టేపు గాని వేయకూడదు. నా మొదటి కిటికీకి నేను నాలుగు వైపులా వేశాను, అదే జాగ్రత్త అనుకున్నాను. మూడేళ్ళ తరువాత మూల కింది షింగిల్‌ను ఊడదీసి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే, వెనుక ఉన్న ప్లైవుడ్ నానిన అటుకుల్లా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. పైనుండి చేరిన నీటికి బయటికి పోయే దారిని నేనే మూసివేశాను.

తరువాత చుట్టుచెక్క (కిటికీ చుట్టూ బయట కొట్టే చెక్కపట్టీ) బిగించే ముందు, రెండు పక్కలా పై నుండి కింది దాకా తారు కాగితపు పట్టీలు దించండి. పట్టీలో సగం చుట్టుచెక్క వెనుక, సగం రాబోయే షింగిల్స్ వెనుక ఉండాలి. వాటి కింది కొసలకు మేకు కొట్టకుండా వేలాడనివ్వండి. కిటికీ కింది షింగిల్ వరుస అక్కడికి చేరినప్పుడు ఆ కొసలను ఆ షింగిల్స్ ముందుకు, వాటి మీదికి తీయాలి. పట్టీ వెంట దిగిన నీరు ఇలా షింగిల్ ముఖం మీదికి వచ్చి బయటపడుతుంది. తొందరలో చాలామంది వదిలేసే పని ఇదే, కాని నా దృష్టిలో పాఠం మొత్తానికీ ప్రాణం కూడా ఇదే. పై చుట్టుచెక్క మీద రేకు డ్రిప్ క్యాప్ (నీటిని చెక్క ముందుకు జార్చే మడత రేకు) పెట్టి, ఎత్తి ఉంచిన హౌస్‌ర్యాప్ మడతను దాని నిలువు రెక్క మీదికి దించి, కోతలకు టేపు వేయండి.

ఇక వరుసల కొలత. కిటికీ అడుగు నుండి పై చుట్టుచెక్క దాకా 57 అంగుళాలు ఉందనుకుందాం. 5 అంగుళాల చొప్పున అయితే వరుసలు సరిగ్గా రావు. 12 వరుసలుగా పంచితే ఒక్కొక్కటి 4¾ అంగుళాలు కనిపిస్తుంది, పైనా కిందా సన్నని ముక్కలు పెట్టవలసిన అవసరం రాదు. ఈ కొలతలను ఒక నిలువు కర్ర మీద గుర్తించుకొని ఇంటి నాలుగు గోడలకూ అదే వాడండి.

షింగిల్‌కు రెండు మేకులు, అంచు నుండి ¾ అంగుళం లోపల, పై వరుస వచ్చే గీతకు ఒక అంగుళం పైన కొట్టాలి. స్టెయిన్‌లెస్ మేకులైతే మరకలు పడవు. ఒక వరుసలోని సందుకూ దాని పై వరుసలోని సందుకూ కనీసం 1½ అంగుళాల ఎడం ఉండాలి, చుట్టుచెక్క అంచుకు నేరుగా ఏ సందూ పడకూడదు. అవసరమైతే మూలలో షింగిల్‌ను గంటు కోసి కూర్చండి. డ్రిప్ క్యాప్ పై షింగిల్స్‌ను రేకుకు ఆనించక, పావు అంగుళం ఖాళీ వదలండి, దాన్ని సీలెంట్‌తో నింపకండి.

తలుపుకూ ఇదే క్రమం. గడప కింద పళ్ళెం మాత్రం ముందే కొని సిద్ధంగా పెట్టుకోండి.

కిటికీ చుట్టూ షింగిల్స్ వేయకముందే, డ్రిప్ క్యాప్ పని ముగిసిన రోజున, గొట్టంతో నెమ్మదిగా నీరు పెట్టి చూడండి. ముందు కింది అంచు, కొన్ని నిమిషాల తరువాత పక్కలు, చివరకు పైభాగం. పైనుండి మొదలుపెడితే ఎక్కడ కారిందో తెలియదు. ఇంకొకరు లోపల టార్చి పట్టుకొని పళ్ళెం మూలల దగ్గర కూర్చోవాలి.