ఎలుకల మందు మింగి బతికిన మనిషిని ఇంటికి తెచ్చుకున్నాక

ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. ఎలుకల మందు మింగినవాళ్లను డిశ్చార్జి చేసే రోజు ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే మాటలివి.

ముందు, ఏ మందో డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. కొన్ని ఎలుకల మందుల్లో పసుపు భాస్వరం ఉంటుంది, దాని దెబ్బ లివర్ మీద. ఆ వైద్యం వేరు. నేను చెప్పేది బ్రోమాడయలోన్ లాంటి, రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందుల సంగతి.

ఇవి ఒంట్లో వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను లివర్ తయారు చేయాలంటే విటమిన్ కె ఉండాలి. వాడేసిన విటమిన్‌ను ఒళ్లు మళ్లీ పనికొచ్చేలా మార్చుకునే దారిని ఈ మందు మూసేస్తుంది. అందుకే రోజూ బయటినుంచి విటమిన్ కె1 ఇవ్వాలి. చీటీ మీద కె1 అనే ఉండాలి. కె3 దీనికి పనికిరాదు. చిన్న ఊళ్ల మెడికల్ షాపుల్లో కె1 మాత్రలు దొరకకపోవచ్చు, బస్సెక్కక ముందే కొనుక్కోండి.

"లేచి తిరుగుతున్నాడు, అన్నం తింటున్నాడు, ఇంకా మాత్రలెందుకు సిస్టర్?" అని అందరూ అడుగుతారు. మాత్ర వేసుకుంటున్నందుకే అలా తిరుగుతున్నాడు. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష నార్మల్ వచ్చినా మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టరు ఆపమన్నాక కూడా రెండు మూడు రోజులకు, ఆ తర్వాత ఆయన చెప్పిన తేదీల్లో మళ్లీ రక్తం ఇవ్వాలి. ఎలుకల మందు ఒంట్లో ఇంకా పనిచేస్తోందా అన్న అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. ఆ పరీక్షే చాలామంది ఎగ్గొడతారు.

ఒళ్లు నొప్పులని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించొద్దు, కండలోకి రక్తం కారి గడ్డలా వాస్తుంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, ఎర్రటి మూత్రం, తారులాంటి నల్లటి విరేచనం, నెలసరిలో ఎక్కువ రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, తలకు చిన్న దెబ్బ... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక మనసు. సైకియాట్రీ ఓపీ తేదీ లేకుండా డిశ్చార్జి కాగితం తీసుకోవద్దు. అక్కడ ఎలుకల మందు సంగతి చెప్పాలి. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని కాస్త పెంచుతాయి, డాక్టరు చూసి రాస్తారు. మాత్రలన్నీ ఇంట్లో ఇంకొకరి చేతిలో ఉండాలి, ఏ పూటవి ఆ పూటే ఇవ్వాలి.

ఇంటికొచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం. ఎలుకల మందు ఒక్కటే పారేస్తే సరిపోదు. పత్తికి కొట్టే పురుగు మందు డబ్బాలు కూడా ఇంట్లోంచి పోవాలి, వేరేవాళ్ల దగ్గర తాళం వేసి ఉంచండి.

చుట్టాలు వచ్చి నీతులు చెప్పడం ఆపండి. పిల్లల తల మీద ఒట్టు వేయించుకోవడం నాకు అసలు నచ్చదు. మళ్లీ ఆ ఆలోచన వస్తే, ఒట్టుకు భయపడి ఎవరికీ చెప్పరు. దానికన్నా పక్కన ఎవరూ లేకుండా మీరిద్దరే ఉన్నప్పుడు "చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే కొత్తగా ఆలోచన పుట్టదు. అవునంటే కోప్పడకండి, ఒంటరిగా వదలకండి, ఆసుపత్రికి తీసుకురండి. అప్పు వల్లో, ఇంట్లో కొట్టడం వల్లో ఇలా జరిగితే మాత్రలతో పాటు ఆ సంగతీ చూడాలి. కొట్టినవాడి చేతికే మనిషిని అప్పగించి పంపడానికి నేనైతే ఒప్పుకోను. డాక్టరుకు చెబుతాను.

పోలీసు కేసవుతుందన్న టెన్షన్‌తో ఫాలోఅప్‌కు రానివాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఇలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయడం మామూలే.

రాత్రిపూట మాట్లాడే మనిషి కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నంబరు ఆ మనిషి ఫోన్లోనూ, మీ ఫోన్లోనూ వేసుకోండి. ఇంటివాళ్లకు భయమేసినా చేయొచ్చు.