బీపీ మాత్రలు, గుండెనొప్పి మాత్రలు: ఇంట్లోనూ కొండదారిలోనూ జాగ్రత్తగా వాడుకునే పద్ధతి

తిరుపతిలో మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరికి ఒకరోజు రేణిగుంట వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి, చొక్కా జేబులోంచి పాలిథిన్ సంచి తీసి, అందులోని నాలుగు స్ట్రిప్పు ముక్కలను బల్ల మీద పరిచారు. అన్నీ కత్తెరతో కత్తిరించినవే కాబట్టి ఒకదాని మీద పేరు సగమే ఉంది, రెండింటి మీద గడువు తేదీ లేదు. మాత్రలన్నీ తెల్లగా, చిన్నగా, ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఏది ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే ఆయన చెప్పిన జవాబు డాక్టరు రాసిన చీటీకి సరిగ్గా తలకిందులుగా ఉంది. ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు మాత్రమే నాలుక కింద పెట్టుకోమని రాసిన 5 మిల్లీగ్రాముల సార్బిట్రేట్‌ను ఆయన రోజూ పొద్దున కాఫీతో మింగుతున్నారు. రోజూ తప్పకుండా వేసుకోవలసిన బీపీ మాత్ర ఆమ్లోడిపిన్‌ను తల తిరిగినట్టు అనిపించిన రోజునే వేసుకుంటున్నారు.

ఆ పెద్దాయన అజాగ్రత్త మనిషి కాదు. రోజూ వేసుకునే మాత్ర పని వేరు, నొప్పి వచ్చినప్పుడు పెట్టుకునే మాత్ర పని వేరు అని ఆయనకు ఎవరూ విడదీసి చెప్పలేదు, అంతే. అందువల్ల మీ ఇంట్లో బీపీకీ గుండెనొప్పికీ మందులు వాడేవారు ఉంటే, ముందుగా ఆ మాత్రలన్నింటినీ ఒక పళ్లెంలో పోసి, చీటీ పక్కన పెట్టుకుని, ఈ రెండు రకాలుగా విడదీయండి. రోజువారీ మాత్రలు ఒక డబ్బాలోకి, నాలుక కింద పెట్టుకునే మాత్ర విడిగా వేరే చోటికి వెళ్లాలి. స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వవలసి వచ్చినప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను ఇవ్వమని దుకాణంలో అడగండి. అది కుదరకపోతే కవరు మీద మందు పేరు, మోతాదు, వేళ, గడువు తేదీ తెలుగులో రాయించుకోండి. అలా అడగడంలో మొహమాటపడవలసింది ఏమీ లేదు, రాసివ్వడం మా పనే.

రోజువారీ మాత్రల సంగతి

బీపీ మాత్ర నొప్పి మాత్ర లాంటిది కాదు. ఆమ్లోడిపిన్ పూర్తిగా పట్టు సాధించడానికి దాదాపు ఒక వారం, టెల్మిసార్టాన్‌కు నాలుగు వారాల వరకు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని, బీపీ దిగలేదని మానేసేవారూ, నెల రోజులకు 130కి వచ్చిందని సంతోషించి మానేసేవారూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. అది మాత్ర వేసుకుంటున్నందువల్ల వచ్చిన 130. అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనవి మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు. గుండెనొప్పి ఉన్నవారు వీటిని ఒక్కసారిగా ఆపేస్తే, అంతవరకు అణిగి ఉన్న గుండె వేగం ఒక్కపెట్టున పెరిగి, నొప్పి తిరగబెట్టవచ్చు, గుండెపోటు కూడా రావచ్చు. మరో బీపీ మందు అయిన క్లోనిడిన్‌ను హఠాత్తుగా మానేస్తే బీపీ మునుపటికంటే ఎక్కువగా ఎగబాకుతుంది. మాత్ర పడకపోయినా, డబ్బుకు ఇబ్బంది అయినా ఆ విషయం డాక్టరుకు చెప్పి, మోతాదు మెల్లగా తగ్గించి మార్పించుకోవాలి. ఖర్చే ఇబ్బంది అయితే జనఔషధి కేంద్రాలలో అదే మందు జెనరిక్ పేరుతో చాలా తక్కువ ధరకు దొరుకుతుంది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. టెల్మా అంటే టెల్మిసార్టాన్ ఒక్కటే, టెల్మా-ఏఎం అంటే దానితో కలిపిన ఆమ్లోడిపిన్, టెల్మా-హెచ్ అంటే దానితో కలిపిన మూత్రం ఎక్కువగా పోయే మందు. చిత్తూరులో ఒక డాక్టరు స్టామ్లో రాసి, ఆరు నెలల తరువాత తిరుపతిలో ఇంకొక డాక్టరు ఆమ్లాంగ్ రాస్తే, పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకునేవారిని నేను చూశాను. ఆ రెండింటిలోనూ ఉన్నది ఆమ్లోడిపినే. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరు అయినా సరే, పాత చీటీలతో పాటు మాత్రల స్ట్రిప్పులను కూడా తీసుకువెళ్లి చూపించండి. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరును పోల్చి చూడటం ఇంట్లో చదువుకున్న పిల్లలకు నేర్పితే, వాళ్లే ఈ తప్పును పట్టుకోగలరు.

ఒక పూట మరిచిపోతే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోండి. తరువాతి మాత్ర వేళ దగ్గర పడి ఉంటే మరిచిపోయినదాన్ని వదిలేయండి. రెండు మాత్రలు కలిపి వేసుకోవడం మాత్రం ఎప్పుడూ కూడదు. పేరు చివర ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్ అని ఉన్న మాత్రలను నమలకూడదు, పొడి చేయకూడదు, ఎందుకంటే రోజంతా మెల్లగా విడుదల కావలసిన మందు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది.

గుండెనొప్పి రాకుండా రోజూ వాడే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్‌ను రోజుకు రెండుసార్లు వేసుకోమని రాసినప్పుడు చాలామంది పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అనుకుంటారు. మామూలు రకం మాత్ర అయితే వాటి మధ్య సాధారణంగా ఏడు గంటల ఎడమే ఉండాలి, అంటే పొద్దున 8 గంటలకు ఒకటి, మధ్యాహ్నం 3 గంటలకు ఒకటి. రాత్రంతా శరీరానికి ఆ మందు నుంచి విరామం దొరకకపోతే దానికి అలవాటుపడిపోయి, మాత్ర పనిచేయడం తగ్గుతుంది. మీ చీటీలో వేళ స్పష్టంగా లేకపోతే అడిగి రాయించుకోండి. మొదటి రోజులలో ఈ మందుతో తలనొప్పి రావడం మామూలే, అది చాలామందికి కొన్నాళ్లకు తగ్గిపోతుంది.

మనవైపు శనివారం ఒక్కపొద్దు ఉండేవారు, పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) మరింత నియమంగా ఉండేవారు చాలామంది. ఉపవాసం నాడు మాత్ర వేసుకుంటే వ్రతభంగమని మానేయవద్దు. గుక్కెడు నీళ్లతో బీపీ మాత్ర వేసుకోవచ్చు. అయితే నీళ్లు కూడా తాగని కఠిన ఉపవాసం, మూత్రం ఎక్కువగా పోయే మందు, మే నెల ఎండ ఈ మూడూ కలిస్తే బీపీ బాగా పడిపోయి కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున కూడా ఇదే ప్రమాదం కాబట్టి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి ఏ మాత్ర ఆపాలో, ఏది కొనసాగించాలో అడగండి.

పాదాలు, చీలమండలు ఉబ్బితే అది ఆమ్లోడిపిన్ వల్ల కావచ్చు. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ మందులు వాడేవారికి తెగని పొడిదగ్గు రావచ్చు. ఈ రెండింటిలో ఏది ఉన్నా చెబితే డాక్టరు మందు మారుస్తారు. పెదవులు, నాలుక వాచడం మాత్రం వేరే సంగతి, అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉబ్బసం ఉన్నవారు, గర్భం దాల్చినవారు, దాల్చాలనుకునేవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండా అడిగి తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ మాత్రలు బీపీని పెంచుతాయి, మూత్రపిండాలను ఇబ్బంది పెడతాయి. జలుబు మాత్రలలో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ కూడా బీపీని పెంచుతుంది. కొనేముందు బీపీ ఉందని చెప్పండి. పొటాషియం ఉన్న తక్కువ సోడియం ఉప్పును టెల్మిసార్టాన్, రామిప్రిల్ వాడేవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. ఊరగాయ, అప్పడం, ఉప్పుమిరపకాయ తగ్గించడం అంతకంటే క్షేమమైన దారి.

ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు కాఫీ తాగి ఉంటే కనీసం అరగంట ఆగి, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి పుస్తకంలో రాసుకోండి. అంకె 180/120 దాటి, దానితో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటివి ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఏ బాధా లేకుండా ఉంటే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూసి, అంకె అలాగే ఉంటే ఆ రోజే డాక్టరును సంప్రదించండి. బీపీ దించడానికని ఎవరి సార్బిట్రేట్‌నో నాలుక కింద పెట్టవద్దు.

కొండకు నడిచి వెళ్లేవారు

తిరుమల కొండకు వెళ్లే అలిపిరి దారిలో దాదాపు 9 కిలోమీటర్లలో 3,550 మెట్లు ఉన్నాయి. శ్రీవారిమెట్టు దారి అంతకంటే పొట్టిదే అయినా నిటారుగా ఎక్కవలసి ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవారు నడకదారిన రావద్దని టీటీడీ కూడా చెబుతూ వచ్చింది. నా మాట కూడా అదే, బస్సులో వెళ్లినా స్వామి దర్శనమే. డాక్టరు సరేనన్నాకనే నడవండి.

నడిచి వెళ్లేవారిలో చాలామంది ఒక విషయంలో పొరపాటు పడతారు. అలిపిరి దగ్గర సామాను కౌంటర్‌లో సంచి అప్పగించేటప్పుడు మాత్రల డబ్బా కూడా దానితో పాటే వెళ్లిపోతుంది. నడకదారిలో ఛాతీ పట్టేస్తే ఆ మాత్ర ఎక్కడో పైన సంచిలో ఉంటుంది. నాలుక కింద పెట్టుకునే మాత్రను దాని స్ట్రిప్పుతోనే చొక్కా పైజేబులోనో, ఆడవారైతే నడుముకు కట్టుకునే చిన్న సంచిలోనో ఉంచుకుని, వెంట వచ్చేవారికి అది ఎక్కడుందో చూపించండి. క్యూలో గంటల తరబడి ఉండవలసి వస్తుంది కాబట్టి రాత్రి వేసుకునే మాత్ర కూడా వెంట ఉండాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో మాత్రలు పెట్టవద్దు, ఆ వేడికి మందు చెడిపోతుంది.

నొప్పి వచ్చినప్పుడు

ఛాతీలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండి ఎడమచేతికో, దవడకో, వీపుకో పాకుతూ చెమట పడితే గ్యాస్ అని సోడా తాగి కూర్చోవద్దు. షుగర్ ఉన్నవారికి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. చేస్తున్న పని ఆపి, ఉన్నచోటనే కూర్చోండి. నిలబడి ఉండగా మాత్ర పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు. నోరు ఎండి ఉంటే నీళ్లతో తడుపుకుని, మాత్రను నాలుక కింద ఉంచి, నమలకుండా, మింగకుండా కరగనివ్వండి. గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలలో నొప్పి తగ్గుముఖం పట్టకపోయినా, పెరిగినా 108కి ఫోన్ చేసి, ఆ తరువాతే రెండో మాత్ర పెట్టుకోండి. మరో ఐదు నిమిషాలకు మూడోది, అంతకుమించి వద్దు. మీ డాక్టరు వేరే విధంగా చెప్పి ఉంటే ఆయన మాటే పాటించండి.

పై బీపీ 90కి తక్కువ ఉన్నా, స్పృహ తప్పుతున్నట్టు ఉన్నా ఈ మాత్ర పెట్టకూడదు. లైంగిక సామర్థ్యం కోసం వాడే సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటలలోపు, టాడలాఫిల్ వేసుకున్న 48 గంటలలోపు దీన్ని పెట్టుకుంటే బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. సిగ్గుతో ఈ మాట దాచేవారు చాలామంది. దయచేసి డాక్టరుకూ, 108లో వచ్చినవారికీ చెప్పండి, వారు ఎవరినీ తప్పుపట్టరు.

రోగిని స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని బయలుదేరవద్దు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి, కొండపైన అశ్విని ఆసుపత్రి ఉంది, ఎక్కడికి తీసుకువెళ్లాలో 108 సిబ్బంది నిర్ణయిస్తారు. వారు వచ్చేలోపు ఇంట్లోవారు తలుపు తీసి, నొప్పి మొదలైన వేళ, మాత్ర పెట్టిన వేళ, ఎన్ని పెట్టారన్నది ఒక కాగితం మీద రాసి, దాన్ని చీటీలతో, స్ట్రిప్పులతో కలిపి ఒకే సంచిలో వేసి వారి చేతికి ఇవ్వండి.