వాడిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి ఇంజెక్షన్ ఎలా వేయించుకోవాలి?

వాడిన సూది చేతికి గుచ్చుకుందా? ముందు గడియారం చూసి టైమ్ రాసుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో ఒక పేషెంటుకి రక్తం తీశాక సూదికి మళ్లీ మూత పెడుతుంటే బొటనవేలికి గుచ్చుకుంది. సీనియర్ తిడతారేమో, పని చేతకాదనుకుంటారేమో అని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున టెన్షన్ తట్టుకోలేక మా స్టాఫ్ నర్స్ అక్కకి చెబితే, ఆమె ఒక్క మాట కూడా అనకుండా చెయ్యి పట్టుకుని క్యాజువాలిటీకి తీసుకెళ్లింది. ఆ పేషెంటుకి ఏమీ లేదని తేలింది గానీ, ఉండి ఉంటే నేను దాచిన ఆ రెండు రోజులే అన్నిటికంటే విలువైనవి. అందుకే ఇది రాస్తున్నాను. నర్సులు, ల్యాబ్ వాళ్లు, ఆసుపత్రి చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికులు, ఇంట్లో పేషెంటుకి ఇంజెక్షన్లు చేసేవాళ్లు, ఎవరికైనా ఇది జరగొచ్చు.

హెపటైటిస్ బి అంటే రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. హెపటైటిస్ బి ఇంజెక్షన్ అని మనవాళ్లు రెండు వేర్వేరు వాటిని అంటారు. ఒకటి టీకా. రెండోది హెపటైటిస్ బి ఇమ్యూనోగ్లోబ్యులిన్, ఆసుపత్రుల్లో పొట్టిగా హెచ్‌బీఐజీ అంటారు. ఈ వైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు బాగా ఉన్న దాతల ప్లాస్మా నుంచి దాన్ని తయారు చేస్తారు. అంటే రెడీగా ఉన్న యాంటీబాడీలనే మన ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆకలితో ఉన్నవాడికి క్యారేజీ పంపడం లాంటిది ఇది, టీకా అయితే ఇంట్లో పొయ్యి వెలిగించి వంట నేర్పడం లాంటిది. క్యారేజీ వెంటనే కడుపు నింపుతుంది కానీ మూడు నుంచి ఆరు నెలల్లో అయిపోతుంది. వంట రావడానికి వారాలు పడుతుంది కానీ ఏళ్ల తరబడి నిలుస్తుంది. టీకా పూర్తి కానివాళ్లకి అందుకే రెండూ కలిపి వేస్తారు.

మొదట చేయాల్సింది: కడగడం

గుచ్చుకున్న చోట సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడగండి. రక్తం కారాలని పిండొద్దు, నోటితో పీల్చొద్దు, బ్లీచింగ్ గానీ యాసిడ్ గానీ పోయొద్దు. రక్తం కంట్లో పడితే మంచినీళ్లతో కాసేపు కడగండి. ఎండిపోయిన రక్తమే కదా అని వదిలేయకండి, ఈ వైరస్ ఒంటి బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది.

తర్వాత: చెప్పడం, ఆ రక్తం ఎవరిదో తెలుసుకోవడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ఇన్‌ఛార్జికి చెప్పండి, రిజిస్టర్‌లో రాయించండి, క్యాజువాలిటీకి వెళ్లండి. ఆ సూది ఏ పేషెంటుదో తెలిస్తే వాళ్ల అనుమతి తీసుకుని హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష (రక్తంలో హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పేది) చేయిస్తారు, కార్డు టెస్టయితే అరగంటలోపే ఫలితం తెలిసిపోతుంది. దాంతోపాటు హెచ్ఐవీ, హెపటైటిస్ సి కూడా చూస్తారు. హెచ్ఐవీ అనుమానం ఉంటే దాని మందులు వేరే, 72 గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, కాబట్టి ఆ సంగతి కూడా అప్పుడే అడిగేయండి.

భయం ఎంత పెట్టుకోవాలి అని అడుగుతారు. టీకా లేని మనిషికి పాజిటివ్ పేషెంటు సూది గుచ్చుకుంటే, ఆ పేషెంటు రక్తంలో వైరస్ ఎంత ఉందనేదాన్ని బట్టి, నూటికి 6 నుంచి 30 మందికి ఇన్ఫెక్షన్ సోకే అవకాశం ఉంది. అదే హెచ్ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. మనవాళ్లు హెచ్ఐవీకి వణికిపోతారు, హెపటైటిస్ బి గురించి అసలు అడగరు. ఇది మారాలి.

చెత్తబుట్టలో సూది గుచ్చుకుంది, ఎవరిదో తెలియదు అనుకోండి. అప్పుడు హెచ్‌బీఐజీ కావాలా అక్కర్లేదా అనేది పరిస్థితిని బట్టి డాక్టర్ చెబుతారు గానీ, ఇంతకుముందు టీకా లేకపోతే ఆ రోజే మొదటి డోసు మాత్రం పడిపోవాలి.

ఆ తర్వాత: మీ టీకా సంగతి చూసుకోవడం

“చిన్నప్పుడు అన్నీ వేయించారండీ” అనేస్తాం. కానీ మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో హెపటైటిస్ బి 2002 ప్రాంతంలో కొన్ని చోట్ల మొదలై, దేశమంతటా రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఇప్పుడు ముప్పై దాటినవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు పడి ఉండదు. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో షాన్‌వ్యాక్-బి తెచ్చాకే ఈ టీకా మామూలు జనానికి అందే ధరలోకి వచ్చింది. మన ఊళ్లోనే తయారైన టీకా మన ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకే పడకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మూడు డోసులూ పూర్తయి, తర్వాత చేసిన యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలో (ఒంట్లో యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చెప్పేది) 10 యూనిట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఎప్పుడైనా వచ్చి ఉంటే మీకు ఇంకే ఇంజెక్షనూ అక్కర్లేదు, ఆ రిపోర్టు ఫొటో ఫోన్‌లో దాచుకోండి. టీకా వేసుకోనివాళ్లకి, మధ్యలో ఆపేసినవాళ్లకి పేషెంటు పాజిటివ్ అయితే హెచ్‌బీఐజీ ఒక డోసు, దాంతోపాటు టీకా. టీకా అయింది గానీ పరీక్ష ఎప్పుడూ చేయించలేదంటే ముందు పరీక్ష చేసి, 10 కంటే తక్కువుంటే రెండూ ఇస్తారు. రెండుసార్లు పూర్తి కోర్సు వేసుకున్నా యాంటీబాడీలు రానివాళ్లు కొద్దిమంది ఉంటారు, వాళ్లకి హెచ్‌బీఐజీ రెండు డోసులు, నెల తేడాతో.

ఇంజెక్షన్ వేయించుకునేటప్పుడు

హెచ్‌బీఐజీ 24 గంటల్లో పడితే మంచిది. సూది గుచ్చుకున్న కేసుల్లో ఏడు రోజులు దాటాక వేస్తే ఉపయోగం ఉంటుందనడానికి ఆధారం లేదు, లైంగికంగా సోకే ప్రమాదమైతే పద్నాలుగు రోజుల దాకా వేస్తారు. అలాగని ఏడో రోజు దాకా ఆగమని కాదు. డోసు బరువును బట్టి, పెద్దవాళ్లకి మామూలుగా కిలోకు 0.06 మిల్లీలీటర్ల లెక్క. కంపెనీని బట్టి యూనిట్లు మారతాయి కాబట్టి సీసా మీద ఉన్నది చూసి డాక్టరే నిర్ణయిస్తారు. కండకే వేస్తారు. టీకా జబ్బకి వేయించుకోండి, పిరుదుకి వేస్తే సరిగా పనిచేయదు. హెచ్‌బీఐజీ ఇంకో వైపు, వేరే సిరంజీతో వేయాలి. ఇంతకుముందు ఇమ్యూనోగ్లోబ్యులిన్ పడక అలర్జీ వచ్చి ఉన్నా, రక్తం గడ్డకట్టని సమస్య ఉన్నా ముందే చెప్పండి. నొప్పి, కొంచెం జ్వరం, తలనొప్పి రావచ్చు. గర్భిణులకి కూడా ఇస్తారు.

హెచ్‌బీఐజీ అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు, ధర కూడా వేలల్లో ఉంటుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద సూది గుచ్చుకున్న ఆరోగ్య సిబ్బందికి, పాజిటివ్ తల్లులకు పుట్టిన పిల్లలకి దీన్ని ఇచ్చే ఏర్పాటు ఉంది. కాబట్టి ముందు జిల్లా ఆసుపత్రికో బోధనాసుపత్రికో ఫోన్ చేసి స్టాకు ఉందా అని అడిగి బయల్దేరండి. బయట కొంటే ఐస్ డబ్బాలో తెచ్చుకోవాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టనివ్వకూడదు.

ఆ తర్వాతి నెలల్లో

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. హెచ్‌బీఐజీ పడింది కదా అని టీకా రెండో డోసుకి నెలకి, మూడో డోసుకి ఆరు నెలలకి రారు. క్యారేజీ అయిపోయింది, పొయ్యి వెలగలేదు. తేదీలు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. మొదటి రోజున ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి రక్తపరీక్ష చేయించండి. యాంటీబాడీల పరీక్ష మాత్రం తొందరపడి చేయిస్తే ఇంజెక్షన్‌లో ఇచ్చినవే కనిపించి మోసపోతాం, అందుకే ఆరు నెలలు ఆగాలి. హెచ్‌బీఐజీ పడ్డాక ఏడాదిపాటు రక్తదానం వద్దు. మీజిల్స్, చికెన్‌పాక్స్ లాంటి టీకాలు వేయించుకోవాల్సి ఉంటే మూడు నెలలు ఆపమంటారు.

కళ్లు పచ్చబడలేదు కదా, ఏం కాలేదనుకోకండి. లక్షణాలు బయటపడటానికి సగటున మూడు నెలలు పడుతుంది, చాలామందికి కామెర్లు అసలు రానే రావు. ఎవరో చెప్పారని పసరు మందుకి వెళ్లి రోజులు పోగొట్టుకోవద్దు.

తల్లి పాజిటివ్ అయితే బిడ్డకి

ఇక్కడ లెక్క ఇంకా బిగువు. పుట్టిన 12 గంటల్లోపు ఒక తొడకి టీకా, ఇంకో తొడకి హెచ్‌బీఐజీ పడాలి. పుట్టినప్పుడు సోకితే పదిమందిలో తొమ్మిదిమంది పిల్లలకి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దవాళ్లలో అయితే నూటికి అయిదుగురికే. కాబట్టి గర్భంతో ఉన్నప్పుడే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించి, పాజిటివ్ వస్తే మందు ముందే తెప్పించి ఉంచమని కాన్పు చేసే ఆసుపత్రిలో అడగండి, అర్ధరాత్రి కాన్పయితే అప్పుడు వెతుక్కోలేం. వైరస్ మరీ ఎక్కువగా ఉంటే తల్లికి కూడా చివరి నెలల్లో వైరస్‌ను అణిచే టెనోఫోవిర్ మాత్రలు ఇస్తారు. బిడ్డకి మిగతా డోసులన్నీ టైమ్‌కి వేయించి, తొమ్మిది నుంచి పన్నెండు నెలల మధ్య రక్తపరీక్ష చేయించాలి. పాలు ఇవ్వొచ్చా అని ప్రతి తల్లీ భయంగా అడుగుతుంది. ఇవ్వొచ్చు అమ్మా, మొదటి గంట నుంచే ఇవ్వొచ్చు.