ప్రధాన సంఖ్యల మధ్య ఎడాలు: ఆరు గళ్లలో చూడండి

విశాఖ సీతమ్మధారలో మా మేడ మీద ఎనిమిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతాను. ప్రధాన సంఖ్యలు మొదలుపెట్టగానే "వీటికి ఫార్ములా లేదా టీచర్?" అని అడగని బ్యాచ్ ఉండదు. నేను ముందు ఎడాలు, అంటే ఒక ప్రధాన సంఖ్యకీ దాని తర్వాతి దానికీ ఉన్న తేడాలు చూడమంటాను.

పూర్ణా మార్కెట్లో దొరికే మామూలు గళ్ల నోట్‌బుక్ చాలు. సంఖ్యలని వరసకి పది కాదు, ఆరు చొప్పున 132 వరకు రాయండి. 2, 3, 5, 7, 11లని ఉంచి, వాటి మిగతా గుణిజాలన్నీ కొట్టేయండి. 1నీ కొట్టేయండి. ఇప్పుడు చూడండి, 2, 3 తప్ప మిగిలినవన్నీ ఒకటో నిలువు వరసలోనో, ఐదో దాంట్లోనో ఉంటాయి. ఆరు గళ్లు ఎందుకన్నానో ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత ఎడాలు రాయండి. 23, 29, 31, 37, 41, 43, 47, 53, 59, 61 తీసుకుంటే 6, 2, 6, 4, 2, 4, 6, 6, 2 వస్తాయి. ఆరులు తీసేయండి: 2, 4, 2, 4, 2. నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. ఐదో నిలువు వరస నుంచి ఒకటో దానికి వెళ్తే 2, ఒకటి నుంచి ఐదుకి వెళ్తే 4, అదే వరసలో దిగితే 6. ఒకసారి అటు వెళ్లాక ఇటు రావాల్సిందే కదా! అందుకే 5 దాటాక రెండు 2లు పక్కపక్కన రావు, రెండు 4లూ రావు. 89 నుంచి 97కి ఎడం 8; అది 6+2, కాబట్టి 2 కింద లెక్క. 113 నుంచి 127కి ఏకంగా 14, అదీ అంతే.

దీంతో తప్పులు కూడా దొరుకుతాయి. ఎవరైనా 57ని ప్రధాన సంఖ్య అనుకుంటే 43 నుంచి ఎడాలు 4, 6, 4 అవుతాయి. ఆరు తీసేస్తే నాలుగు పక్కన నాలుగు, వెంటనే పట్టుబడుతుంది. 91 మాత్రం దొరకదు. అది 7×13 అయినా ఒకటో వరసలోనే కూర్చుంటుంది. 49, 77, 91, 119లని 7తో భాగించి చూడటం పిల్లలకి అలవాటు చేయండి.

ఎడం 2 ఉన్న కవల ప్రధాన సంఖ్యలు ఎక్కడైనా ఆగిపోతాయా అని పిల్లలు అడిగితే ఇంకా ఎవరూ రుజువు చేయలేదని చెప్పండి. 2013లో గణిత శాస్త్రవేత్త యిటాంగ్ జాంగ్ 7 కోట్ల లోపు ఎడమున్న ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని రుజువు చేశారు. తర్వాత ఆ హద్దు 246కి దిగింది.

పట్టికని 200 దాకా పెంచితే 2, 3, 5, 7, 11ల గుణిజాలు కాక కొత్తగా కొట్టేయాల్సింది 169 ఒక్కటే, 13×13.