బండికి బండి తగిలితే: గోదావరి జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవారికి

రావులపాలెం సెంటర్లో బండికి బండి తగిలితే ఏం జరుగుతుందో మనకు తెలుసు. నిమిషంలో పదిమంది పోగవుతారు, కాసేపు కేకలు, ఎవరో ఒక పెద్దాయన మధ్యలోకి వచ్చి వెయ్యో రెండువేలో ఇప్పించి పంపేస్తాడు. అమలాపురం, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి అమెరికా, కెనడా వచ్చే పిల్లలు ఇక్కడా అలాగే తేలిపోతుందనుకుంటారు. తేలదు.

నష్టం ఎంత దాటితే ఎవరికి చెప్పాలో ఇక్కడ చట్టమే చెబుతుంది. కాలిఫోర్నియాలో ఏ ఒక్కరి ఆస్తికైనా 1,000 డాలర్లకు మించి నష్టం జరిగినా, ఎవరికైనా చిన్న దెబ్బ తగిలినా 10 రోజుల్లోగా డీఎంవీకి (మన ఆర్టీఓ ఆఫీసు లాంటిది) ఎస్‌ఆర్-1 ఫారం వెళ్లాలి. తప్పు ఎవరిదైనా ఇద్దరూ పంపాల్సిందే. పోలీసులు రాసుకున్నారు కదా అని ఊరుకుంటే లైసెన్సు సస్పెండ్ కావచ్చు. ఇన్సూరెన్స్ ఏజెంటు మీ తరఫున పంపవచ్చు కానీ, పంపాడో లేదో మీరే అడిగి తెలుసుకోండి. న్యూయార్క్‌లోనూ అదే మొత్తం, అదే గడువు; ఫారం ఎంవీ-104. న్యూజెర్సీలో 500 డాలర్లు దాటితే చాలు, రిపోర్టు చేయాలి. కెనడాలోని ఒంటారియోలో రెండు బళ్ల నష్టం కలిపి లెక్కేస్తారు. రిపోర్టు చేయాల్సిన ఆ మొత్తాన్ని 2025 జనవరి 1న 2,000 నుంచి 5,000 కెనడా డాలర్లకు పెంచారు. ఎవరికైనా గాయమైతే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ముందు ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయండి.

చిక్కంతా అంచనా దగ్గరే. పైకి చిన్న సొట్టే కనిపిస్తుంది; బంపర్ వెనక సెన్సార్లు, కెమెరాలు ఉంటాయి. మన ఊరి షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ రేట్లు మనసులో పెట్టుకుంటే దెబ్బతింటారు. వెయ్యి డాలర్లు ఎంత సులువుగా దాటుతుందో బిల్లు చూశాకే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే దాటిందనే అనుకోండి.

"రెండొందలిచ్చెయ్, ఇన్సూరెన్స్ ఎందుకులే" అనేవాళ్లూ తగులుతారు. డబ్బు చేతులు మారినంత మాత్రాన మీరు పంపాల్సిన రిపోర్టు రద్దయిపోదు. పైగా ఆ మనిషే వారం తర్వాత మెడ నొప్పి అన్నా అనవచ్చు. రెండు నంబర్ ప్లేట్లు, అవతలివారి లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటోలు తీసుకుని, మీవీ ఇవ్వండి.

పార్కింగ్‌లో మనిషి లేని కారుకు తగిలించారా? పేరు, చిరునామా, ఏం జరిగిందో రాసిన కాగితం ఆ కారు మీద పెట్టాలి. కాలిఫోర్నియాలో పోలీసులకూ చెప్పాలి. రిపోర్టు అనగానే కేసు అనుకుని, వీసా టెన్షన్‌తో జారుకునేవాళ్లు ఉన్నారు. అలా జారుకోవడమే నేరం.

నడిపింది రూమ్మేట్ కారైతే ఆ రోజే అతనికి చెప్పేయండి, ఇన్సూరెన్స్ అతని పేరు మీదే ఉంటుంది. ఇంటికి ఫోన్ ఆ తర్వాత చేసుకోవచ్చు. అర్ధరాత్రి నాన్నగారిని నిద్రలేపితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు?